లక్ష్మీదేవమ్మ గద్దె

“ఎంత కడిగినా నీ చేతి గిలాసలకు ఒండ్రువాసన పోదేందే?” అన్నాడు మల్లేశ్, చాయ్ ముక్కు దగ్గరికి తెచ్చుకొని.

స్వరూప స్టూలు మీద నిలబడి జొన్నల డబ్బాను అటక మీదికి నెడుతున్నది. వాసన గ్లాసుది కాదు, గోడది. పెద్ద వరద వచ్చిన ఏడు కిటికీ పైదాకా నీళ్లు తాగిన గోడ అది. ఎన్నిసార్లు సున్నం వేసినా, వానాకాలం రాగానే లోపలి తడి బయటికి ఊరుతుంది. ఈ సంగతి మల్లేశ్‌కు తెలియక కాదు. గోడను అనలేడు కాబట్టి చేతిని అన్నాడు.

పొద్దున్నే పంచాయతీ వాళ్ల ఆటో మైకు పెట్టుకొని ఊరంతా తిరిగిపోయింది. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారు, ఏటి ఒడ్డు ఇళ్లవాళ్లు సాయంత్రంలోపల గడ్డ మీది కాలనీకి పోవాలని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఊళ్లో మగవాళ్లంతా ఒడ్డున నిలబడి నీళ్లు చూస్తున్నారు. ఆడవాళ్లు ఇళ్లల్లో సామాను ఎత్తుతున్నారు. ప్రతి ఏడూ ఇంతే. నీళ్లను చూడడం కూడా ఒక పనే అయినట్టు, మల్లేశ్ చాయ్ తాగేసి గ్లాసు గడప మీద పెట్టి మళ్లీ ఒడ్డుకు వెళ్లిపోయాడు.

ఇటిక్యాల నుంచి కృష్ణ దిక్కుకు పోయే దారి ఎక్కడ అయిపోతుందో అక్కడ ఉంటుంది ఆ ఊరు. ఏరు తెచ్చి పోసిన ఒండ్రు మీదే పుట్టిందని పెద్దవాళ్లు చెప్తారు. నీళ్లు తీసినప్పుడు బయటపడే ఇసుకలో పుచ్చకాయ, దోస పెడతారు. నీళ్లు నిండినప్పుడు పుట్టి వేసుకొని చేపలకు పోతారు. ఏరు జరిగినప్పుడల్లా ఊరూ కాస్త జరుగుతూ వచ్చింది. పైన కట్టలు లేచాక ఏరు తన ఇష్టానికి రావడం మానేసింది. ఇప్పుడు దాని రాక ముందుగా మైకులో వినిపిస్తుంది, సెల్‌ఫోన్లలో తిరుగుతుంది. అయినా వచ్చి పోయాక అది వదిలే మట్టి మాత్రం మారలేదు. ఆ మట్టిని పొలంలో అయితే బంగారం అంటారు మగవాళ్లు. ఇంట్లోకి వస్తే దానికి పేరేమీ లేదు, అది ఆడవాళ్ల పని.

స్వరూప ఆ ఇంటికి వచ్చిన కొత్తలో అత్త లక్ష్మీదేవమ్మ ఒక్కనాడు మంచిగా మాట్లాడలేదు. “మీ అమ్మ నీకు రొట్టె కొట్టడం గూడ నేర్పలేదా, ఇంత మందంగనా?” అనేది. “ఏటి ఒడ్డుకు ఇచ్చిండ్రంటే ఈత రావాలె, కనీసం సామాను ఎత్తడమన్న రావాలె. నీకు రెండూ రావు” అనేది. పొద్దున సీడు పత్తి చేనుకు పోయి వంగి వంగి పూలకు పుప్పొడి అద్ది, ఎండలో తిరిగి వచ్చిన కోడలు వాడిన మొహం వేసుకొని గుమ్మంలో కూలబడితే, “కూసుంటె పొయ్యి అంటుకుంటదా?” అని అడిగేది. ఆమె కూడా ఎప్పుడైనా కూర్చోగా స్వరూప చూడలేదు. నిలబడే తినేది. నిలబడే మొగుడి మాటలు పడేది.

ఇప్పుడు ఆ లక్ష్మీదేవమ్మే ఊరికి దేవత. ఒడ్డున, ఊరి చివరి ఇంటికి అవతల, సిమెంటు గద్దె కట్టి దాని మీద రాయి పెట్టారు. రాయికి పసుపు, కుంకుమ, ఎర్ర రవికె గుడ్డ. లక్ష్మీదేవమ్మ గద్దె అంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కూడా తెలుసు. ఏరు పొంగినప్పుడు నీళ్లు గద్దెకు తగలకముందే నైవేద్యం పెట్టాలి. పెడితే ఆమె శాంతిస్తుంది, ఏరు మర్లిపోతుంది. ఈ ఏడు దానికి చుట్టూ గోడ కట్టి గుడి లేపాలని ఊరి పెద్దలు అనుకున్నారు. స్వరూప మామ వెంకట్రాములును పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ కథ మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు.

కథ అందరికీ తెలిసిందే. పెద్ద వరదనాడు అందరూ రోడ్డు ఎక్కినాక, కట్టేసిన దూడ గుర్తొచ్చి లక్ష్మీదేవమ్మ తిరిగి ఇంటికి పరుగెత్తింది. నోరు లేని జీవం కోసం ప్రాణం ఇచ్చింది. ఏరు ఆమెను తనలో కలుపుకున్నది. చెప్పేటప్పుడు ముసలాయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరుగుతాయి. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ, అది అలాగే జరిగిందని ఆయన నమ్ముతున్నాడేమోనని స్వరూపకు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆనాడు స్వరూప అక్కడే ఉన్నది. దసరా జమ్మి ఆకు ఇంకా పూర్తిగా ఎండలేదు. మనీషా కడుపులో ఉన్నది. వంకర పోయిన నడుముతో, తల మీద మూట, రెండు చేతుల్లో రెండు బిందెలతో రోడ్డు ఎక్కింది. నీళ్లు అప్పటికి వాకిట్లోకి వచ్చాయి. రోడ్డు మీద కూర్చొని బీడీ ముట్టించి మామ అడిగాడు, “రొట్టెల గంప యాడ?” పొద్దున్నే కొట్టి పెట్టిన జొన్నరొట్టెలు అటక కింద ఉట్టిలోనే ఉండిపోయాయి. “గంత మతిలేకుంటెట్లనే? ఏరు ఇంకా గడప దాటలేదు. పోయి పట్కరా. ఎంతసేపు.” స్వరూప బిందెలు దించి లేచింది. అప్పుడు అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

“అది యాడ పోతది, కడుపుతోని,” అన్నది మామతో. “నువ్వు కూసో. నేను పోతగాని.”

ఆ ఇంట్లో ఎవరైనా ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. చెప్పినామె మళ్లీ రాలేదు.

ఆ మాట అన్నప్పుడు మల్లేశ్ పక్కనే ఉన్నాడు. అతని చేతిలో దూడ పగ్గం ఉన్నది. ఏరు ఒక్కసారిగా ఊరిని ముంచినప్పుడు ఆ దూడ అంబా అని అరిచింది కూడా. నీళ్లు తీశాక, దిగువన కంపచెట్లలో దొరికిన అత్తను ఎవరెవరో మోసుకొచ్చి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. ఊరి ఆడవాళ్లు తలా ఒక దిక్కు శిబిరాల్లో ఉన్నారు. స్నానం పోయడానికి స్వరూప, పక్కింటి సుల్తానాబీ తప్ప ఎవరూ లేరు. ఇద్దరూ చీర అడ్డం కట్టి, చెవుల్లోంచి, గోళ్ల సందుల్లోంచి, జుట్టులోంచి ఒండ్రు కడిగారు. కడిగినకొద్దీ వస్తూనే ఉన్నది. నడుముకు ఒక గుడ్డ బిగించి ముడి వేసి ఉన్నది. నీళ్లకు నాని ముడి రాయిలా అయింది. సుల్తానాబీ పళ్లతో పట్టి విప్పింది. లోపల రొట్టెలు. రొట్టెలని చెప్పుకోవడమే గానీ, తెల్లగా పిండిపిండిగా అయిపోయిన ముద్ద. అంటే ఆమె ఇంటిదాకా పోయింది. ఉట్టి దించింది. పడిపోకుండా నడుముకు కట్టుకున్నది. తిరిగి బయలుదేరింది. సుల్తానాబీ ఆ ముద్దను, గుడ్డను పక్కన గుంత తీసి పూడ్చేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంతే.

దినాలనాడు ఎవరో చుట్టం అడిగాడు, “అంత నీళ్లల్ల ఆమె ఎందుకు మర్లిపోయింది వెంకట్రాములన్నా?” మామ కొంచెంసేపు నేల చూసి, “దూడ కట్టేసి ఉండె” అన్నాడు. ఆ దూడ అక్కడే, పందిరి గుంజకు కట్టేసి, గడ్డి మేస్తున్నది. ఎవరూ దాని దిక్కు చూడలేదు.

ఆ తరువాత ఊళ్లో సగానికి పైగా ఇళ్లు గడ్డ మీది కాలనీకి పోయాయి. సర్కారు ఇచ్చిన జాగాలో సుల్తానాబీ రెండు గదులు వేసుకొని, ముందు చిన్న దుకాణం పెట్టుకున్నది. “వచ్చెయ్ స్వరూపా, జర నీ ఒంటి దిక్కు చూసుకో” అని కనిపించినప్పుడల్లా అనేది. వీళ్లకూ అక్కడ గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. అందులో చొప్ప వేసుకున్నారు. స్వరూప అడిగినప్పుడల్లా మల్లేశ్ ఒక్కటే మాట చెప్పేవాడు. “అమ్మను ఒక్కదాన్ని ఏట్ల ఇడిసిపెట్టి యాడికి పోతమే?” ఒడ్డున ఉన్నవాడికే ఒడ్డు ఇసుక దక్కుతుందని, పుచ్చకాయల జాగా పోతుందని అతను చెప్పి ఉంటే ఆమె అర్థం చేసుకునేది. తిండి మాట తిండి మాటే. కానీ ఇసుక కోసం అని ఎవరూ అనలేదు. అమ్మ కోసం అన్నారు. అమ్మ కోసం ఏటేటా ఇల్లు మునిగింది. అమ్మ కోసం ఏటేటా స్వరూప చేటతో, తట్టతో, రేకు ముక్కతో మోకాలెత్తు బురద గీకి ఎత్తిపోసింది. గీకుతుంటే వెనక ఎవరో దగ్గినట్టు వినిపించేది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏరు పొంగే రోజుల్లో, పట్టపగలే, వంటింట్లో రోలు పక్కన అత్త నిలబడి ఉంటుంది. కనిపిస్తుందని చెప్పలేం. తడి చీర కొంగు నేల మీద ఈడుస్తున్న చప్పుడు, గొంతులో ఏదో అడ్డుపడ్డ దగ్గు, అంతే. భయం పుట్టేది కాదు. బతికున్నప్పటిలాగే ఏదో ఒక మాట అంటుందేమోనని ఎదురుచూసేది. అత్త ఏమీ అనేది కాదు. అదే బాగుండేది కాదు. తిట్టినా బాగుండు అనిపించేది స్వరూపకు. పని మీద పంపినవాళ్ల దగ్గరికి తిరిగిరాలేక దారిలో ఆగిపోయిన మనిషిలాగా, ఏదో తెచ్చినట్టు, అది ఎవరికివ్వాలో తెలియనట్టు నిలబడి ఉండేది.

ఈసారీ వచ్చింది. అటక మీదికి చివరి డబ్బా ఎక్కించి స్టూలు దిగుతుంటే, రోలు దగ్గర తడి చప్పుడు. “పోతున్న అత్తా,” అన్నది స్వరూప మెల్లగా, “గడ్డ మీదికి.”

మధ్యాహ్నానికి కాలనీ చేరారు. వానకు కాలేజీ సెలవిస్తే మనీషా వనపర్తి నుంచి బస్సెక్కి నేరుగా అక్కడికే వచ్చింది. ఇంటర్ మొదటి ఏడు. అమ్మ నెత్తి మీది బస్తా చూసి బ్యాగు పక్కన పడేసి ఎదురొచ్చి ఒక కొస పట్టుకున్నది. వెంకట్రాములును ముందే బండి మీద తెచ్చి సుల్తానాబీ దుకాణం ముందు మంచం వేసి కూర్చోబెట్టారు. చుట్టూ జనం. అక్కడి నుంచి కింద ఊరు, ఏరు, గద్దె అన్నీ కనబడతాయి. ఏరు ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పెరుగుతున్నది. గద్దెకు రెండు దిక్కులా నీళ్లు వచ్చేశాయి. మధ్యలో సన్నని దారి మిగిలింది.

“నైవేద్యం పోవాలె,” అన్నాడు ముసలాయన. “స్వరూపా, పళ్లెం సదురు.”

స్వరూప మొగుణ్ని పక్కకు పిలిచి చెప్పింది. పొద్దున్నే ముట్టయింది. మల్లేశ్ అక్కడే, అందరి ముందు, గొంతు తగ్గించకుండా తండ్రికి ఆ మాట చేరవేశాడు. మగవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. పొద్దటి నుంచి ఆమె మోసిన బస్తాలకు, ఆమె అటకెక్కించిన జొన్నలకు ఏ మైలా అంటలేదు. పళ్లెం దగ్గరికి వచ్చేసరికి అంటింది. తల వంచుకొని నిలబడ్డది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు.

“అయితే పిల్ల పోతది,” అన్నాడు వెంకట్రాములు. “మనుమరాలు గద, ఇంకా మంచిది. మోకాలు లోతు గూడ లేదు. పెట్టి వస్తది. ఎంతసేపు.”

“నేనే పోదును గాని,” అన్నాడు మల్లేశ్, “ఆడమనిషే పెట్టాలంటరు.”

మనీషా అప్పటికే చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నది. చిన్నప్పటి నుంచి దూడ కథ విని పెరిగిన పిల్ల. దూడ కోసం ప్రాణమిచ్చిన అవ్వ అని బడిలో వ్యాసం రాసి మెప్పు తెచ్చుకున్నది. పళ్లెం రెండు చేతులా పట్టుకొని, “తొందరగ వస్త అమ్మా” అని నవ్వింది.

స్వరూపకు పక్కన తడి కొంగు చప్పుడు వినిపించింది. ఇక్కడ, గడ్డ మీద, ఇంతమంది మధ్య. ఎప్పుడూ ఇంటి గడప దాటి రాని చప్పుడు. మామ నోట్లోంచి ఊడిపడ్డ ఆ చివరి మాట ఇంకా గాలిలోనే ఉన్నది. ఎంతసేపు.

“మనీషా, కింద పెట్టు,” అన్నది.

“ఏందమ్మా?”

“పళ్లెం కింద పెట్టు. నువ్వు పోవు.”

“అమ్మోరి పని అడ్డం కొడ్తవా?” అన్నాడు ముసలాయన. “మీ అత్తకు గింత పెట్టనీకె గూడ మనసొస్తలేదా? దూడకోసం పాణం ఇచ్చిన మనిషి ఆమె.”

“దూడ మీ కొడుకు చేతుల ఉండె మామా.” ఆమె గొంతు పెద్దది కాలేదు. అయినా దుకాణం ముందున్న మాటలన్నీ ఆగిపోయాయి. “అత్త దూడకు పోలే. ఆమె తనంతట తాను పోలే. మీరు పంపిండ్రు. రొట్టెలకు పంపిండ్రు. ముందు నన్ను లేపిండ్రు, ఇదే మాటన్నరు. నా కడుపుల ఈ పిల్ల ఉన్నదని ఆమె పోయింది.”

మల్లేశ్ ఆమె జబ్బ పట్టుకున్నాడు. “ఇంతమందిల ఏందే గా మాటలు?”

“ఇంతమందిలనే గద ఆ కథ చెప్పుకుంటొచ్చిండ్రు. నువ్వు ఆన్నే ఉంటివి. నీకు తెల్సు.”

అతని చెయ్యి పట్టు తగ్గింది. జనంలో ఎవరో, “మతి పోయి మాట్లాడుతుంది” అన్నారు. అప్పుడు సుల్తానాబీ దుకాణంలోంచి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వయసు మళ్లింది, నడుము వంగింది.

“మతి మంచిగనే ఉంది,” అన్నది. “ఆ అమ్మకు స్నానం మేమిద్దరమే పోసినం. నడుముకు కట్టిన మూట నేనే విప్పిన. రొట్టెలే ఉండె. అల్లా సాక్షి, ఈ చేతులతోనే పూడ్చిన.”

అందరూ వెంకట్రాములునే చూస్తున్నారు. ఆయన అబద్ధమని అంటాడని స్వరూప ఎదురుచూసింది. ఆయన అనలేదు. “ఆకలైతుండె,” అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడిలాగా. “పొద్దటి నుంచి ఏం తినకపోతిమి.”

మనీషా పళ్లెం మంచం పక్కన దించింది. కోపంగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

“నువ్వెందుకు పోలే తాతా?”

అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఆ రోజు వరకు ఆయనకు తట్టినట్టు లేదు.

కింద నీళ్లు సన్నని దారిని కలిపేసుకున్నాయి. నైవేద్యం పెట్టడానికి ఎవరూ కదలలేదు. గద్దె మునిగింది. రాయి తల కాసేపు కనిపించింది. దాని పసుపు ఎర్రనీళ్లలో సన్నగా చారలాగా జారి, ఏటి వెంట పోయింది. ఏరు ఎప్పటిలాగే ఒక హద్దు దాకా వచ్చి ఆగింది. పెట్టిన ఏడూ అక్కడిదాకే వచ్చేది, పెట్టని ఈ ఏడూ అక్కడిదాకే వచ్చింది. ఆ సంగతి అందరూ చూశారు.

నీళ్లు తీసిన తరువాత మల్లేశ్ కిందికి పోయి ఇల్లు చూసి వచ్చాడు. ఆ కొద్దిరోజులూ భార్యతో పెద్దగా మాట్లాడలేదు. ముసలాయన గోడ దిక్కు తిరిగి పడుకొనేవాడు. కంచం పెడితే తినేవాడు. గుడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. స్వరూప ఆ రోజుల్లో కాలనీలోని తమ గదుల్లోంచి చొప్ప తీసి బయట వామి వేసింది, నేల అలికింది, ఒక మూల పొయ్యి కుదిర్చింది. మనీషా కిటికీలో తన పుస్తకాలు పేర్చుకున్నది.

మల్లేశ్ వాకిట్లో నిలబడ్డాడు. మోకాళ్ల దాకా ఒండ్రు.

“ఈసారి తక్కువనే వచ్చింది. మనీషాను గూడ తోలుకొని రా. మాపటి వరకు ఎత్తిపోస్తే అయిపోతది.”

“నేను రాను.”

“ఏంది?”

“ఆ ఇల్లు నేను ఇగ కడగను. కడిగి ఉండాలనుకుంటె నువ్వు, మామ కడుక్కొని ఉండుండ్రి. లేదంటే దాని తలుపులు ఊడబెరికి తీసుకరా. ఈ ఇంటికి తలుపులు లేవు.”

అతను కోప్పడతాడనే ఆమె అనుకున్నది. అతను ఆ మాటను మోయలేనట్టు గోడకు ఆనుకున్నాడు. ఎండిన మట్టి కాళ్ల మీద బీటలు వారుతున్నది. వయసు మీద పడ్డ మనిషిలాగా కనిపించాడు. రోడ్డు మీద పగ్గం పట్టుకొని నిలబడ్డ కుర్రవాడు, ఒక్క మాట అనలేకపోయినవాడు, ఇన్నేళ్లూ ఈ మనిషి లోపలే నిలబడి ఉన్నాడని ఆమెకు అప్పుడు తోచింది. జాలి కలిగింది. జాలి కలిగినా మాట మార్చుకోవాలనిపించలేదు.

“మరి అమ్మ?” అన్నాడు. “అమ్మ ఆన్నే ఒక్కతే ఉంటది గద.”

స్వరూప లోపలికి చూసింది. కొత్తగా అలికిన నేల మీద, పొయ్యి పక్కన, ఎవరో కూర్చొని లేచినంత మేర ఇంకా తడి ఆరలేదు.

“ఆడ లేదు,” అన్నది. “అత్త మొన్ననే నా ఎన్క పైకి వచ్చేసింది.”